మూసేసిన ట్యాబులు

ఆదివారం పొద్దున గొడవ ఇస్త్రీపెట్టె దగ్గర మొదలైంది. హాల్లో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గులోంచి నా లాప్‌టాప్ చార్జర్ పీకేసి, మా ఆయన కిషన్ రావు ఇస్త్రీపెట్టె పెట్టుకున్నారు. చార్జర్ లేకపోతే ఆ పాత లాప్‌టాప్ పది నిమిషాలు కూడా నిలవదు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి తెర నల్లగా ఉంది.

"చార్జర్ ఎవరు తీసిన్రు?"

"నేనే తీసిన. అయితే ఏంది? అంగీ నలిగింది."

"ఆదివారం నాడు ఎక్కడికి పోతున్నరు?"

"ఎక్కడికన్న పోతేనే ఇస్త్రీ చేసుకోవాల్నా? ఈ ఇంట్ల నీ డబ్బాకున్న ఇజ్జత్ నా అంగీకి లేదా?"

"ఒక్క మాట అడిగి తీస్తే ఏమైతుండె?"

"నా ఇంట్ల ప్లగ్గుకు నీకు అర్జీ పెట్టుకోవాల్నా?"

దివాన్ మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తగారు యశోదమ్మ తల ఎత్తకుండానే అందుకున్నారు. "పరీక్షలు రాసే వయసు పిల్లగానిది. చదువు పరేషాన్ మాత్రం తల్లికి."

నాకు నలభై ఐదేళ్లు. నారాయణగూడలో డిగ్రీ చదివాను, పెళ్లయ్యాక చిక్కడపల్లిలో ఈ ఇంటికి వచ్చాను. గ్రూప్ టూ రాయడానికి నాకు వయసు సరిపోయే ఆఖరి నోటిఫికేషన్ ఇదే. పరీక్ష ఇంకా ఏడు వారాలుంది.

చార్జర్ మళ్లీ పెట్టి లాప్‌టాప్ తెరిచాను. బ్రౌజర్ ఖాళీగా వచ్చింది. మామూలుగా కరెంటు పోయి వచ్చినా పాత ట్యాబులన్నీ తిరిగి తెరుచుకుంటాయి. ఈసారి ఒక్కటీ లేదు. డెబ్బై ఒక్క ట్యాబులు. వాటిని బ్రౌజర్‌కు తగిలించుకునే ఒక ఎక్స్‌టెన్షన్‌తో ఆరు గుంపులుగా సర్దుకున్నాను. రాజ్యాంగానికి ఒక రంగు, తెలంగాణ ఉద్యమానికి ఒక రంగు, బడ్జెట్‌కు ఒకటి. ఒక్కో ట్యాబుకు చిన్న చీటీ కూడా రాసి పెట్టాను: ఈ తేదీ రెండు సైట్లలో రెండు రకాలుగా ఉంది, సరిచూడాలి. ఈ పట్టిక సగం చదివాను, మిగతాది మంగళవారం. మూడు నెలల పని అది.

తెర పైమూలన కొత్తగా ఒక చీపురు బొమ్మ కనిపించింది. దాన్ని నొక్కితే ఇంకో ఎక్స్‌టెన్షన్ తెరుచుకుంది. పన్నెండు గంటలు ముట్టుకోని ట్యాబులన్నీ దానంతట అదే మూసేస్తుందట. నిన్నంతా ముషీరాబాద్‌లో మా అత్తగారి చెల్లెలింట్లో సత్యనారాయణ వ్రతం. నేను లాప్‌టాప్ ముందు కూర్చోనే లేదు.

మా అబ్బాయి అనురాగ్ గదిలో పడుకుని ఫోన్ చూస్తున్నాడు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం.

"ఈ చీపురు ఏంది రా?"

"డాడీ పెట్టమన్నడు మమ్మీ, శుక్రవారం. లాప్‌టాప్ స్లో అయితున్నది, మీ అమ్మ చెత్త కుప్ప పెట్టింది, సాఫ్ చెయ్యమన్నడు. నీకు చెప్పిన అన్నడు గదా."

"నాకెవరు చెప్పలే."

హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది. "పోతే పోయినయ్. బంగారమా ఏమన్న? పుస్తకాలు కొనిచ్చిన గదా, అవి చదువు. లక్షల మంది రాస్తరు. అశోక్ నగర్ల పిల్లలు ఐదేండ్ల సంది హాస్టళ్లల్ల కిరాయి కట్టుకుంట, కోచింగ్ తీసుకుంట కూసున్నరు, వాళ్లకే వస్తలేదు. నీకొస్తదా?"

ట్యాబు మూసేస్తే అందులో చూసింది కూడా పోతుందని ఆయన నమ్మకం. చూసిన పేజీలన్నిటినీ దాచిపెట్టే హిస్టరీ అనేది బ్రౌజర్‌లో ఒకటుంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నాకు చెప్పింది వీణ. అశోక్ నగర్‌లో జిరాక్స్ షాపు దగ్గర పరిచయమైన నల్లగొండ అమ్మాయి. హిస్టరీని రోజులవారీగా, ఏ ఫోన్‌లో చూశారో ఏ కంప్యూటర్‌లో చూశారో పేర్లతో సహా పేర్చి చూపించే ఎక్స్‌టెన్షన్ ఒకటి పెట్టిచ్చింది. చిక్కుళ్లు సన్న సెగ మీద వేసి, దాన్ని తెరిచి వెనక్కి నడవడం మొదలుపెట్టాను. పేజీలు ఒక్కొక్కటే దొరుకుతున్నాయి. దొరికినదాన్ని దొరికినట్టు దాని గుంపులో పడేస్తున్నాను. చీటీలు మాత్రం పోయాయి.

గురువారం దగ్గరకు వచ్చేసరికి నావి కాని వరుసలు తగిలాయి. పక్కన ఆయన ఫోన్ పేరు ఉంది. మా ఇంట్లో అందరికీ కలిపి ఒకే మెయిల్. ఎనిమిదేళ్ల కింద గ్యాస్ బుకింగ్ కోసమని ఆయనే తెరిచి, పాస్‌వర్డ్ క్యాలెండర్ వెనక రాసి, ఇంట్లో కొన్న ప్రతి ఫోన్‌లోనూ దాన్నే పెట్టించారు. ఇన్ని మెయిళ్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారని. ఆ మెయిల్‌తో ఎవరేం వెతికినా ఒకే చోట చేరుతుంది.

మధ్యాహ్నం మూడు దాటాక, ఆఫీసులో కూర్చుని వెతికినవి:

గ్రూప్ 2 వస్తే పోస్టింగ్ ఏ జిల్లాలో ఇస్తారు.

ఆదిలాబాద్ పోస్టింగ్ రద్దు చేసుకోవడం ఎలా.

భార్య గవర్నమెంట్ ఉద్యోగానికి భర్త పర్మిషన్ తప్పనిసరా.

చివరగా: ట్యాబులు వాటంతట అవే మూసుకునే ఎక్స్‌టెన్షన్.

రెండుసార్లు చదివాను. నేను పాసవుతానని ఈ ఇంట్లో గట్టిగా నమ్మింది ఆయన ఒక్కరే.

మిగతా పేజీలు వెతకడం ఆపి, పరీక్ష పెట్టే కమిషన్ వెబ్‌సైట్ తెరిచాను. అక్కడ పదిహేను నిమిషాల పని చేసి, వెళ్లి చిక్కుళ్లు దించాను.

ఒంటిగంటన్నరకు భోజనాలు. రోజూ అందరికీ వడ్డించాక తినేదాన్ని. ఆ రోజు గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, నా కంచం ముందు నేనూ కూర్చున్నాను. అత్తగారు నన్నూ కంచాన్నీ చూశారు.

"పచ్చిపులుసు ఎవలు పోస్తరు ఉదయా?"

"గరిటె అండ్లనే ఉన్నది అత్తమ్మా."

"గ్రూప్ టూ ఆఫీసర్ మేడం గదా అమ్మా, పొయ్యదు," అన్నారు ఆయన ముద్ద కలుపుతూ. "దొరికినయా నీ డెబ్బై ఒకటి?"

"అరవై నాలుగు దొరికినయ్. మీయి గూడ దొరికినయ్."

"నాయి ఏందియి?"

"ఆదిలాబాద్ పోస్టింగ్ ఎట్ల రద్దు చేస్తరు? భర్త పర్మిషన్ తప్పనిసరా? గురువారం, మూడుంబావుకు."

అనురాగ్‌కు పొలమారింది. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నా ఫోన్ తీసినవా?"

"మీ ఫోన్ ముట్టలే. మీరు అందరికీ పెట్టిచ్చిన మెయిల్‌లనే ఉన్నయ్."

"అవన్నీ మూసేసిన గదా!"

"నావి గూడ మూసేసిన్రు. స్లో అయితున్నదని కాదు. మూసేటిది ఏదని ముందురోజే వెతికి పెట్టుకున్నరు."

"ఏంది రా కిషన్, ఏం మూసినవ్?" అన్నారు అత్తగారు.

"నువ్వాగమ్మా." ఆయన నా వైపు తిరిగారు. "ఔ, వెతికిన. నిన్ను యాడనో పారేస్తే ఇల్లెవరు చూడాలె? అమ్మకు టైముకు గోలీలు ఎవరియ్యాలె? నేను ఆలోచించిన, నువ్వు ఆలోచించలే. గంతే తేడా."

"నాతోని ఒక్క మాట అంటే ఇద్దరం ఆలోచిద్దుము. చీపురు పెట్టిచ్చిన్రు."

"మొగుని చాటుమాటు సంగతులు కొడుకు ముంగట చదువుతున్నవ్. సిగ్గుండాలె."

"ఆ చీపురు కొడుకుతోనే పెట్టిచ్చిన్రు. వాడు గూడ వినాలె."

అనురాగ్ తల దించుకుని అన్నం కెలుకుతున్నాడు. నేను పచ్చిపులుసు పోసుకున్నాను. నా గొంతు పెరగలేదు, అదే ఆయన్ను ఎక్కువ మండించింది.

"దరఖాస్తుల మార్పులకు ఎల్లుండిదాక టైమిచ్చిన్రు," అన్నాను. "మీరు చెప్తే అప్పుడు హైదరాబాద్ పోస్టులే పెట్టిన, ఇంకోటి ముట్టలే. ఇయ్యాల తీసి మార్చిన. రాష్ట్రంల ఏ జిల్లాల వేసినా పోత. ఆదిలాబాద్ మొదటిది పెట్టిన."