బిగించని క్లిప్పు

కొండ ఎక్కినప్పుడల్లా వ్యాను గేరుబాక్సు వేడెక్కి, ముందు ఎర్రలైటు వెలుగుతోందని అక్క ఫోన్ చేసింది. నేను శిక్షణ కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా బండి మరమ్మతు పాఠాలు చెబుతున్నాను. ఇంట్లోవాళ్లు కూడా నన్ను మాస్టారనే పిలుస్తారు. అక్కాబావలు తేనెటీగలు పెంచుతారు. పూత ఎక్కడుంటే అక్కడికి ఇరవై పెట్టెలు ట్రైలరు మీద పేర్చుకుని పోతుంటారు.

"మెకానిక్కి చూపిద్దాంలే" అన్నాడు బావ.

"అతనికేం తెలుసు బావా! గేరుబాక్సు ఆయిల్ చల్లబడ్డానికి విడిగా ఒక కూలర్ పెట్టాలి. నేను పెడతాగా. నువ్వు కాలు మీద కాలేసుకుని చూస్తుండు."

ఆదివారం వాళ్ల షెడ్డులో పని మొదలుపెట్టాను. ముందు జాలీ విప్పి, రేడియేటర్ ఎదురుగా అరచేతులు రెండంత కూలర్ బిగించాను. గేరుబాక్సుకు తిరిగి వెళ్లే గొట్టం కోసి, రెండు రబ్బరు పైపులతో కూలర్ని మధ్యలో కలిపాను. పైపుకు అటొకటి, ఇటొకటి, మొత్తం నాలుగు క్లిప్పులు. చేస్తున్నంతసేపూ బావకు పాఠం చెబుతూనే ఉన్నాను. నాలుగో క్లిప్పు వేళ్లతో తిప్పి, స్క్రూడ్రైవర్ అందుకోబోతుంటే అక్క భోజనానికి పిలిచింది.

తిని వచ్చి ఇంజన్ స్టార్ట్ చేశాను. ఐదు నిమిషాలు చూశాను. చుక్క కారలేదు. బానెట్ మూసేముందు ప్రతి క్లిప్పూ చేత్తో తడిమి చూడాలని పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పే మనిషిని, తడమకుండానే మూసేశాను.

పది రోజులకు బావ ఫోన్. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"బండి ఆగిపోయింది మాస్టారూ. కొండ సగంలో ఉన్నాను. ఎక్కడా నీడ లేదు. పెట్టెల మూతలన్నీ మూసున్నాయి, లోపల ఈగలకు గాలాడదు."

నేను చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. బావ ట్రైలరెక్కి, చేతులకు తొడుగుల్లేకుండానే పెట్టెల మూతలు తీస్తున్నాడు. కొన్నింట్లోంచి ఈగలు గుప్పున లేస్తున్నాయి. కొన్నింట్లోంచి ఏమీ రావడం లేదు. నేను బానెట్ ఎత్తాను. నాలుగో క్లిప్పు దగ్గర పైపు ఊడి వేలాడుతోంది. క్లిప్పు వదులుగా జారి కిందికి దిగింది. ఆయిలంతా రోడ్డు పాలు.

బావ వీపు నా వైపుంది. పైపు మళ్లీ ఎక్కించి, జేబులోని స్క్రూడ్రైవర్‌తో క్లిప్పు గట్టిగా బిగించాను. గుడ్డతో తుడిచాను కూడా. అర నిమిషం పని. అంత శుభ్రంగా నేనెప్పుడూ ఏ పనీ చేయలేదు.

"ఏమైంది?" అన్నాడు బావ దిగివచ్చి. ముఖం, చేతులు కుట్లతో వాచిపోయాయి.

"బాగా వేడెక్కినట్టుంది" అన్నాను.

"నేనే తొక్కేశాను. ఎండ ముదిరేలోపు పైకి చేరాలని ఆపకుండా తొక్కేశాను. నువ్వంత కష్టపడి పెట్టావు, నేను నాశనం చేశాను. ఏమనుకోకు మాస్టారూ."

ఏమీ అనుకోలేదన్నట్టు తలూపాను.

పదకొండు పెట్టెల్లో ఈగలన్నీ చచ్చిపోయాయి. కాలిపోయిన గేరుబాక్సు విప్పిన మెకానిక్ నన్ను పక్కకు పిలిచి, "పైపు ఊడినట్టుంది సార్. క్లిప్పు మీద గీతలు కొత్తగా ఉన్నాయి" అన్నాడు మెల్లగా. నేను బిల్లెంతైందని అడిగాను. అతను ఇంకేమీ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

తర్వాత నెలరోజులూ అక్క బావను సాధిస్తూనే ఉంది. "పశువుని తోలినట్టు తోలితే బండి మాత్రం ఏం చేస్తుంది? మా తమ్ముడు చెప్పినప్పుడు బుర్ర ఎక్కడ పెట్టుకున్నారో!" బావ ఎదురు మాట్లాడేవాడు కాదు. ఒకరోజు నేను వెళ్లేసరికి అక్క స్టీరింగ్ దగ్గర కూర్చుని ఉంది. బావ పక్క సీట్లో.

"ఇకనుంచి మీ అక్కే తోలుతుంది. నాకు చేతులాడ్డం లేదు" అని నవ్వబోయాడు.

ఆ నవ్వు చూశాక ఇక దాచలేకపోయాను.

"బావా, బండి ఆగింది నువ్వు తొక్కినందుకు కాదు. నేను క్లిప్పు బిగించలేదు. పైపు ఊడిపోయింది. నువ్వు పెట్టెలు తెరుస్తుంటే నీ వెనకాల దాన్ని మళ్లీ తగిలించాను."

అక్క ఇంజన్ ఆపేసింది. బావ అద్దంలోంచి బయటికి చూశాడు.

"మర్చిపోయావంటే అర్థమవుతుంది. ఎవరైనా మర్చిపోతారు" అన్నాడు. "కానీ నెలరోజుల్నుంచీ కళ్లు మూస్తే ఆ పెట్టెలే. నేనే చంపానని. నువ్వు వారం వారం వచ్చి, మా ఇంట్లో తిని, అంతా వింటూ కూర్చున్నావు."

 అక్క బావ చేయి పట్టుకుని, "నన్ను క్షమించండి" అంది. ఆ మాట ఆమె నోట రావడం నేను ఎప్పుడూ వినలేదు.

రెండు నెలలు ఆ ఇంటి నుంచి ఫోన్ రాలేదు. తర్వాత ఒకరోజు అక్క చేసింది. "రేపు పెట్టెలు మారుస్తున్నాం. నీ కారులో వెనక రమ్మంటున్నారు మీ బావ. దారిలో ఏదైనా అయితే ఇంకో బండి ఉంటుందని."

వెళ్లాను. బావే తోలాడు. కొండ మొదట్లో బండి ఆపి, దిగి, బానెట్ ఎత్తాడు. నేను కారు తలుపు మీద చేయి వేసి ఆగిపోయాను, పిలుస్తాడేమోనని. బావ నాలుగు క్లిప్పులూ ఒక్కొక్కటే వేళ్లతో గట్టిగా కదిపి చూసుకున్నాడు. బానెట్ మూసి, నా వైపు చూడకుండానే, పదమన్నట్టు చేయి ఊపాడు.