బ్రేకు లైటు వెలుగుతోందా

“మొత్తానికి గేర్‌బాక్స్ కూడా తినేశావన్నమాట,” అన్నాడు రోహిత్, రెండో దోశ కోసం పళ్ళెం ముందుకు జరుపుతూ.

పావుగంట క్రితం సెల్లార్‌లోకి వెళ్ళి కారు స్టార్ట్ చేశాడు. ఇంజను మామూలుగానే అందుకుంది. గేరు మాత్రం పార్కింగ్‌లో బిగుసుకుపోయింది, ఎంత లాగినా రాలేదు. కోపంతో తన తాళం కారుకే వదిలేసి పైకొచ్చాడు. నిన్న సాయంత్రం మాదాపూర్ ఆఫీసు నుంచి కారు తెచ్చి పెట్టింది నేను. కాబట్టి విచారణ లేదు, సాక్షులు లేరు, శిక్ష నేరుగా దోశల పెనం దగ్గరికే వచ్చింది. “ఇవాళ్టి నుంచి నువ్వు కారు తీయకు. క్యాబులు లేవా ఏంటి? బాగుచేయించాక నేనే వాడుకుంటా,” అంటూ నా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నా తాళం తీసి జేబులో వేసుకున్నాడు. మా అత్తగారు నాగేశ్వరి గారు చట్నీ గిన్నె కొడుకు వైపు జరిపి, “ఆటోమేటిక్ అయితే సులువని కొనిపించింది. సులువైందాన్నీ పాడుచేసే చెయ్యి ఉంటుంది కొందరికి,” అన్నారు. ఆవిడ తింటున్న దోశ పోసింది ఆ చెయ్యే. ఆ సంగతి ఆవిడకి తోచలేదు.

కారు నా పేరు మీదే ఉంది. కానీ నా ప్రాణం కారు మీద లేదు, సాయంత్రం ఆఫీసు నుంచి కొండాపూర్ వచ్చే ఆ నలభై నిమిషాల మీద ఉంది. అప్పుడు నన్నెవరూ ఏమీ అడగరు. అద్దాలు ఎత్తేసి ఒక్కోరోజు ఏడుస్తాను, ఒక్కోరోజు నోటికొచ్చినట్టు తిట్టుకుంటాను, చాలా రోజులు ఊరికే ఉంటాను. ఊరికే ఉండటానికి మా మూడు బెడ్‌రూముల ఇంట్లో చోటు లేదు. క్యాబులో డ్రైవరు వెనక కూర్చుని ఏడవలేను కదా. ఆ నలభై నిమిషాల సంగతి రోహిత్‌కి తెలియదు. తెలిసుంటే తాళం ఎప్పుడో లాక్కునేవాడు.

ఆఫీసులో నా పనే లోపానికి మూలకారణం పట్టుకోవడం. ఎందుకు, ఎందుకు అని అయిదారుసార్లు అడిగితే గానీ ఏదీ తేలదు. మా ఇంట్లో ఒక్కసారి అడిగితే చాలు, వెళ్ళి నా దగ్గర ఆగుతుంది. పాలు పొంగితే నేను, పాప దగ్గితే నేను, వైఫై ఆగినా నేనే. సిగ్గుచేటు ఏమిటంటే, దోశలు పోస్తూ నేను కూడా అక్కడే వెతికాను. నిన్న స్పీడ్ బ్రేకర్ మీద దూకించానా? కారు పూర్తిగా ఆగకముందే పార్కింగ్‌లో వేశానా? ఇంత చదివి, పన్నెండేళ్ళు ఉద్యోగం వెలగబెట్టి, వాళ్ళు చెప్పిన నేరస్థురాలినే నేనూ పట్టుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. స్టవ్ కట్టేసి కిందికి దిగాను.

రోహిత్ వెనకే వచ్చాడు. నేను సీట్లో కూర్చుని, కారుకే ఉన్న అతని తాళం తిప్పాను. గేర్‌బాక్స్ పోతే గేరు లీవరు కదులుతుంది, కారు కదలదు. ఇక్కడ లీవరే కదలడం లేదు. బ్రేకు తొక్కారని కారుకి తెలిస్తే గానీ అది పార్కింగ్ వదలదు. తెలిస్తే వెనక ఎర్ర లైటు వెలగాలి. తొక్కేది నేనైతే, వెనక చూడటానికి ఇంకో మనిషి కావాలి.

“కొంచెం వెనక్కి వెళ్ళి బ్రేకు లైటు వెలుగుతోందో లేదో చూడు.”

“లైటుకీ గేరుకీ ఏంటి సంబంధం? నీ టెస్టింగ్ ఆఫీసులో చేసుకో. దాన్ని ఇంకా కెలక్కు, కారు తీసుకెళ్ళే బండివాడికి ఫోన్ చేస్తున్నా,” అంటూ ఫోన్‌లో నంబరు వెతుక్కుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడు.

నాలుగడుగులు. నా మాట మీద నాలుగడుగులు వెయ్యడానికి ఈ మనిషికి కాళ్ళు రాలేదు.

సెల్లార్ ఊడుస్తున్న సాయమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో హౌస్‌కీపింగ్ ఆమే. “తొక్కుండ్రి మేడం,” అంది వెనక నిలబడి. తొక్కాను. “ఏం వెలుగుతలేదు. నల్లగనే ఉన్నది.”

స్టీరింగ్ కింద ఫ్యూజుల పెట్టె మూత తీశాను. మూత లోపలి బొమ్మ చూసి బ్రేకుది పీకాను. మధ్యలో తీగ కాలిపోయి ఉంది. స్పేర్‌వి రెండున్నాయి. ఒకటి పెట్టి మళ్ళీ తొక్కాను.

“వచ్చింది, వచ్చింది… పోయింది మేడం. గా కింద మెరిసే పట్టీ ఒక్కపారి మెరిసి ఆరిపాయె.”

మెరిసే పట్టీ. ఆదివారం రోహిత్ వెనక బంపర్‌కి పెట్టించుకున్న ఎర్ర లైట్ల పట్టీ. బ్రేకు తొక్కితే పరుగెత్తుతుందని వీడియో తీసి స్నేహితులందరికీ పంపాడు. డిక్కీ తెరిచి లోపలి అట్ట తప్పించి చూస్తే, దాని వైరు బ్రేకు లైటు వైరుకి మెలిపెట్టి ఉంది, టేపు ఊడి ఇనుముకి తగులుతోంది. నిన్న దారిలో ఎక్కడ ఫ్యూజు పోయిందో, అక్కడి నుంచి బ్రేకు లైటు లేకుండా ఇంటికొచ్చాను. వెనక ఏ బస్సో ఉంటే నా నలభై నిమిషాలు అక్కడే ముగిసేవి. ఆ వైరు తెంపి, అసలు వైరుకి ఆ ఊడిన టేపే గట్టిగా చుట్టి, రెండో ఫ్యూజు పెట్టాను.

“మస్తు వెలుగుతుంది,” అంది సాయమ్మ. “మా ఇంట్ల గూడ గంతే మేడం. బోరు మోటరు కాలినా మా ఆయన నేనే కాల్చినట్టంటడు.”

లీవరు డ్రైవ్‌లోకి జారింది, ఏ గొడవా లేకుండా. మళ్ళీ పార్కింగ్‌లో వేసేసరికి రోహిత్ వచ్చాడు.

“కదిలిందా? ఇందాక నేను గట్టిగా లాగాను కదా, అందుకే లూజయింది,” అన్నాడు. అంటూనే మా అత్తగారికి ఫోన్ చేసి, “అమ్మా, అయిపోయింది, నేను చూసుకున్నా,” అని పెట్టేశాడు. నేను కాలిన రెండు ఫ్యూజులూ, తెంపిన వైరూ అతని అరచేతిలో పెట్టి, ఎందుకు కాలాయో చెప్పాను.

“ఓ, అదా. షాపువాడు సరిగ్గా బిగించలేదు, ఎదవ.” ఈసారి మూలకారణం షాపువాడు. రోహిత్ దాకా మాత్రం రాలేదు. “సరే దిగు, నాకు పదింటికి మీటింగ్ ఉంది.”

నాకూ ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఎప్పుడూ దిగుతాను. ఈసారి కాళ్ళు కదల్లేదు. భయం వేస్తుందేమోనని చూసుకున్నాను. వెయ్యలేదు, అసహ్యం మాత్రం వేసింది.

“నా బ్యాగులోంచి తీసిన తాళం ఇవ్వు.”

“ఏంటి?”

“తాళం.” చెయ్యి చాపి అలాగే ఉంచాను. సాయమ్మ చీపురు అందుకుంది కానీ ఊడవడం మొదలుపెట్టలేదు. ఆమె చూస్తోందని కాబోలు, అతను జేబులోంచి తీసి నా చేతిలో పడేశాడు.

“ఇక మీదట కారు కావాలంటే ముందు రోజే నన్ను అడుగు,” అన్నాను. “కుదిరితే ఇస్తాను.”

అతను కారుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు, నేను నవ్వి దిగిపోతానని అనుకున్నాడేమో. బ్రేకు తొక్కి గేరు డ్రైవ్‌లో వేసి, హారన్ కొట్టాను. జరిగేదాకా కొట్టాను.