యంత్రం చదవని వరుస

నేను ఒక స్క్రిప్టును. పేరు వినగానే సినిమా కథ అనుకుని కుర్చీ దగ్గరికి లాక్కోకండి. నాలో హీరో లేడు, పాటలు లేవు. నాలుగు వందల పన్నెండు వరుసల కంప్యూటర్ రాతను నేను. పాత సైకిలో గోడ గడియారమో అయి పుట్టుంటే కనీసం తుప్పు పట్టేదాన్ని, మూలన పడి ఉన్నా ఎవరో ఒకరి కాలికి తగిలేదాన్ని. నాకు ఆ భాగ్యం కూడా లేదు.

నా పనేమిటో ముందు చెప్పాలి. చూపు లేనివాళ్లు కంప్యూటర్‌ను చెవులతో వాడతారు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది, దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. మంచిదే, కాకపోతే తనకు చెప్పినదాన్నే పలుకుతుంది. తెర తయారుచేసినవాడు బటన్ మీద ఒక బొమ్మ గీసి, దానికి పేరు పెట్టకుండా వదిలేస్తే, పాపం అది మాత్రం ఏం చేస్తుంది? "బటన్" అంటుంది. దాని పక్కదాన్నీ "బటన్" అనే అంటుంది. పద్దెనిమిది బటన్లున్న తెర మీద పద్దెనిమిది సార్లూ అదే మాట. అలాంటి చోట "ఇది కొత్త ఫిర్యాదు, ఇది భద్రపరచు" అని పక్కనుంచి అందించడానికి నన్ను రాశారు.

నేను పనిచేసే తెర ఒక్కటే. పురపాలక కార్యాలయాల్లో తాగునీటి ఫిర్యాదులు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్. ఆ విండో తెరిస్తే నా పని మొదలవుతుంది, మూస్తే ఆగుతుంది. దాని అవతల లోకంతో నాకు పని లేదు. నాకు తెలిసిన లోకమంతా పగిలిన పైపులు, రాని నీళ్లు, వచ్చినా మురుగు వాసన కొట్టే నీళ్లు.

నన్ను రాసింది పఠాన్ మస్తాన్‌వలి గారు. పలకల రాయి తవ్వే ఒక ఊళ్లో పురపాలక కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు. ఈ సాఫ్ట్‌వేర్ వచ్చిన రోజున ఆఫీసులో అందరికీ పని తేలికైంది, ఆయన ఒక్కరికే లేకుండా పోయింది. ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తామంటే సంతోషించే మనుషులు చాలామంది ఉంటారు. ఆయనకు మాత్రం అది అవమానంగా తోచింది. ఎవరెవరినో అడిగి స్క్రిప్టులు రాయడం నేర్చుకుని, భోజనాల వేళ అందరూ క్యారియర్లు విప్పుకుంటుంటే ఒక్కరే కూర్చుని నన్ను రాయడం మొదలుపెట్టారు.

పేచీ బటన్లతో ఆగలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగంతా పాతకాలపు ఫాంటులో ఉండేది. చూసేవాళ్లకు అది చక్కని తెలుగే. స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థం పర్థం లేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. ఏ ఇంగ్లీషు అక్షరం వెనక ఏ తెలుగు అక్షరం దాక్కుందో ఒక పట్టిక కావాలి. ఆ పట్టిక ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో తయారైంది. ఆయన ఒక్కో మీట నొక్కేవారు, తెర మీద ఏం పడిందో భార్య మహబూబ్‌బీ చూసి చెప్పేది, ఆయన నాలో రాసుకునేవారు. ఆమె అయిదో తరగతి దాకా చదివింది. "ఈ వయసులో నాచేత మళ్లీ గుణింతాలు చదివిస్తన్నారేందండీ" అని విసుక్కునేది. మళ్లీ ఆదివారం తనే ముందు వచ్చి కూర్చునేది.

బటన్లున్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనే ఉంది గనక వాటిని మాత్రం ఆయన ఒక్కరే పట్టుకున్నారు. ఒకటి నొక్కడం, ఏం మారిందో వినడం, పేరు పెట్టడం. పదిహేడు లొంగాయి. పద్దెనిమిదోది నొక్కితే ఏమీ వినిపించేది కాదు. మూడు వారాలు దాని వెంటపడ్డారు. పక్క సీటువాళ్లను అడిగితే "అదేదో బొమ్మలే సార్, దాంతో మీకేం పని" అన్నారు. కళ్లున్నవాళ్లకు చూసే తీరిక ఎప్పుడూ ఉండదు. చివరికి దానికి "తెలియని బటన్, నొక్కవద్దు" అని పేరు పెట్టి ఊరుకున్నారు.

అంతా అయ్యాక నా నెత్తిన ఒక వరుస రాశారు. "తయారుచేసినది పఠాన్ మస్తాన్‌వలి. ఎవరికైనా పనికొస్తే ఒక్కసారి ఫోన్ చేసి చెప్పండి." దాని పక్కనే ఆయన నంబరు. రాసినవాళ్లు తమ పేరు అలా పైవరుసలో పెట్టుకోవడం ఈ విద్యలో అలవాటు. అయితే ఆ వరుస ముందు ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనిపిస్తే యంత్రం ఇది నాకు కాదనుకుని దాటేస్తుంది. మిగతా వరుసలన్నీ ఏదో ఒక పని చేస్తాయి. ఆ ఒక్కటి మాత్రం చేయదు, పలకదు.

ఆయన నన్ను తెలిసినవాళ్లకు పంపించారు. ఆ మరుసటి ఏడాది రిటైరయ్యారు. నేను ఒక పెన్‌డ్రైవ్ నుంచి ఇంకో పెన్‌డ్రైవ్‌కు, ఒక శిక్షణ కేంద్రానికి, అక్కణ్నుంచి అయిదారు ఊళ్లకు పోయాను. ప్రతి ఊళ్లోనూ నేనే ఉన్నాను. అయినా నాకు నేను ఎప్పుడూ ఎదురుపడలేదు. నన్ను వాడినవాళ్లు నా నెత్తిన ఏముందో చూడలేదు. వాళ్ల తప్పేమీ లేదు, పని జరుగుతుంటే మూత తీసి చూడాల్సిన అవసరం ఎవరికుంటుంది?

అలా తిరిగి తిరిగి సువార్త దగ్గరికి వచ్చాను. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక పట్టణంలో ఆమె ఫిర్యాదుల గుమాస్తా. ఇరవయ్యారేళ్లుంటాయి, ఆమెకూ చూపు లేదు. కుడి చెవిలో ఫోన్ చేసినవాళ్ల తిట్లు, ఎడమ చెవిలో నేను. రెండూ ఒకేసారి వింటూ, వేళ్లతో రాసుకుంటూ పోయేది. స్క్రీన్ రీడర్ గొంతును మామూలు మాటకు మూడింతల వేగంలో పెట్టుకునేది. పక్కవాళ్లు వింటే గింజలు వేయించినట్టు చిటపటలు తప్ప మాట వినిపించదు. నన్ను వినేవాళ్లలో ఇంకెవరూ నాకు ఇంత ఇష్టం కాలేదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా పద్దెనిమిదో బటన్ నొక్కలేదు. నొక్కవద్దని నేను చెప్పాను గనక.

ఆమె మానిటర్ ఎప్పుడూ ఆపేసి ఉండేది. చూడనివాళ్లకు వెలుగుతున్న తెర ఎందుకు? చూపు లేనివాళ్లు చాలామంది చేసే పనే అది. ఈ సంగతి కొత్తగా వచ్చిన మేనేజరు పానకాలరావు గారికి తెలియదు. వచ్చిన మూడో రోజున ఆయన ఆమె వెనక నిలబడ్డారు. చీకటి తెర, చెవుల్లో తీగలు, కీబోర్డు మీద వేళ్లు. అరగంటలో మెమో వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేయకుండా పాటలు వింటూ పని చేస్తున్నట్టు నటిస్తున్నారని దాని సారాంశం. ఆ నెలాఖరుకు సువార్త ప్రొబేషన్ పూర్తవుతుంది. ఈ పని చేయగలదా లేదా అని రాయాల్సింది ఆయనే.

సువార్త మెమో పట్టుకుని ఆయన్ను తన సీటు దగ్గరికి పిలిచింది. చెవి తీగ పీకింది, మానిటర్ వేసింది.

"వినండి సార్," అంది. చిటపటలు మొదలయ్యాయి.

"ఏందమ్మా ఇది? టేపు ఇరుక్కుందా?"

ఆమె నవ్వి వేగం తగ్గించింది. "కొత్త ఫిర్యాదు. భద్రపరచు. వార్డు నంబరు." ఆమె ఒక ఫిర్యాదు రాసి చూపించేసరికి ఆయన తెర మీదికి వంగారు. ఒక్కో బటన్ మీద వేలు పెట్టుకుంటూ, నేను పలికిందీ అక్కడున్నదీ ఒకటేనా అని వరసగా చూశారు. చివరిదాని దగ్గర ఆగారు.

"ఇదేందో తెలియదంటందే? కుంచె బొమ్మ ఉంది." ఊరుకోలేక మౌస్‌తో నొక్కేశారు. "ఓరి! తెర రంగు మారిందమ్మా. గులాబీ అయింది. మళ్లీ నొక్కితే పచ్చ."

మూడు వారాలు! మస్తాన్‌వలి గారు మూడు వారాలు చెవి రిక్కించి వెతికింది గులాబీ రంగునన్నమాట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పానకాలరావు గారు మెమో వెనక్కి తీసుకున్నారు. కానీ మనిషి నిబంధనల మనిషి. "అదంతా సరేనమ్మా. ఇది ఎవరు రాశారు? ఊరూ పేరూ లేని ప్రోగ్రాములు ఉంచొద్దని సర్క్యులర్ ఉంది. రాసినాయన దగ్గర్నించి సోమవారానికి ఒక లెటర్ తెప్పించు. లేకపోతే తీసెయ్యక తప్పదు. ఇది లేకుండా చెయ్యగలవా నువ్వు?"

"చెయ్యలేను సార్," అంది సువార్త. ఆ మాట అనడానికి ఆమెకెంత కష్టమైందో నాకు తెలుసు.

మూడు రోజులు ఫోన్లు చేసింది. శిక్షణ కేంద్రంవాళ్లు ఒక పాత విద్యార్థి పేరు చెప్పారు, అతను ఇంకొకరి పేరు చెప్పాడు, ఆ ఇంకొకరు "ఎవరో ఇచ్చారండీ" అన్నారు. ఆమె ఎవరి కోసం ఊరూరా వెతుకుతోందో ఆ పేరు నా నెత్తిమీదే ఉంది. నంబరుతో సహా ఉంది. అన్ని బటన్ల పేర్లూ చెప్పగలిగిన నాకు, నన్ను రాసిన మనిషి పేరు చెప్పే వీలు లేదు. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను.

శనివారం మధ్యాహ్నానికి ఆమె ఆశ వదులుకుంది. నన్ను తీసేసినా బటన్లను లెక్కపెట్టుకుంటూ ఎలాగో నెట్టుకొద్దామని, వాటి పేర్లన్నీ వరసగా బ్రెయిలీలో పొడుచుకుందామని పలక, సూది తీసింది. నన్ను నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. అప్పుడు నేను పనిముట్టును కాను, ఉత్త కాగితాన్ని. కాగితానికి గుర్తులు అడ్డం రావు. స్క్రీన్ రీడర్ మొదటి వరుస చదివింది.

సువార్త సూది కింద పెట్టింది. ఆ వరుసను నాలుగుసార్లు వింది. తర్వాత ఫోన్ తీసింది.

"సార్, మస్తాన్‌వలి గారేనా? నీళ్ల ఫిర్యాదులకు మీరు రాసిన స్క్రిప్టు వాడతన్నాను సార్ నేను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "అది ఇంకా ఉందా అమ్మా?"

"రెండేళ్లుగా దాంతోనే ఉద్యోగం చేస్తన్నా సార్. మా సెంటర్లో నేర్చుకున్నోళ్లు ఇంకా అయిదారుగురు వాడతన్నారు."

"ఒక్కళ్లూ ఫోన్ చెయ్యలేదే," అన్నారాయన. పదకొండేళ్ల అలక ఆ మాటలో ఉంది.

"మీ నంబరు అందులో ఉందని ఎవరికీ తెలీదు సార్. మీరు అది పలకని వరుసలో పెట్టారు."

"పలకని వరుసలో," అని ఆయన తనలో తాను అనుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "చూడమ్మా, యంత్రం చదవని చోట రాసి, మనుషులు చదవలేదని ఇన్నాళ్లూ బాధపడ్డాను. మా మహబూబ్‌బీ కూడా పోయింది. వింటే సంతోషించేది."

సువార్త మాట మార్చింది. "సార్, ఆ పద్దెనిమిదో బటన్ ఏందో తెలిసింది," అంది. "తెర రంగు మార్చేది."

అవతల నవ్వు వినిపించింది. దగ్గుతో కలిసిన, ఎంతకీ ఆగని నవ్వు. నా పుట్టుకంతా ఎరిగిన మనిషి నవ్వగా నేను విన్నది అదే మొదటిసారి.

సోమవారం ఆయన సంతకంతో ఉత్తరం మెయిల్లో వచ్చింది. సువార్త ఉద్యోగం ఖాయమైంది. నాలో ఆమె ఒక్కటే మార్పు చేసింది, పద్దెనిమిదోదానికి "రంగు" అని పేరు పెట్టింది. పై వరుస జోలికి పోలేదు. నంబరు మాత్రం వాడేవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పింది. వాళ్లలో నలుగురు ఆయనకు ఫోన్ చేశారట.

నిరుడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాని బటన్లు తమ పేర్లు తామే చెప్పుకుంటాయట, తెలుగూ సవ్యంగానే ఉందట. మంచిదే. మనుషులు నేర్చుకోవడానికి కొంత కాలం పడుతుంది. నా విండో మాత్రం ఇక తెరుచుకోదు. ఒక ఫోల్డర్‌లో పడి ఉన్నాను. నా పట్టిక, నా పద్దెనిమిది పేర్లు, మహబూబ్‌బీ చెప్పిన గుణింతాలు, అన్నీ నాలోనే ఉన్నాయి. వాటిని అడిగేవాళ్లు లేరు. ఒంటరితనం అంటే ఇదే అనుకుంటాను, అన్నీ తెలిసి ఉండి ఎవరికీ అక్కర్లేకపోవడం.

నెలకో రెండు నెలలకో మస్తాన్‌వలి గారు సువార్తకు ఫోన్ చేస్తారు. ఆరోగ్యం సంగతి, ఎండల సంగతి మాట్లాడి, పెట్టేసేముందు అడుగుతారు.

"అది ఉందా అమ్మా?"

తెలిసిన సంగతే అయినా సువార్త వెంటనే జవాబు చెప్పదు. నన్ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టి, గొంతు వేగం తగ్గిస్తుంది. నా నాలుగు వందల పన్నెండు వరుసల్లో ఏనాడూ ఏ పనీ చేయని ఆ ఒక్క వరుస ఆయన పేరు పలుకుతుంది. ఎవరికైనా పనికొస్తే ఒక్కసారి ఫోన్ చేసి చెప్పమంటుంది.

"ఉంది సార్," అంటుంది సువార్త.