తాకట్టు మనిషి

ఎమ్లిన్ ప్రోసర్ పద్నాలుగో ఏట బొగ్గు గనిలోకి దిగాడు. నలభై ఎనిమిదో ఏట అదే గని జనం ఓట్లతో పార్లమెంటులో అడుగుపెట్టాడు. యాభై ఏడో ఏట అతని పార్టీ గద్దె ఎక్కగానే, రాణిగారి కొలువులో వైస్ ఛాంబర్లేన్ అనే పదవి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. పేరు పెద్దదే గానీ రోజువారీ పని ఒక్కటే. పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభలో ఆ రోజు ఏం జరిగిందో సాయంత్రం ఒక జాబుగా రాసి ప్యాలెస్‌కు పంపాలి. మంత్రుల మాట మంత్రులు చెప్పుకుంటారు. సభ గాలి ఎటు వీస్తోందో చెప్పవలసింది ఇతను.

వేల్స్‌లో, కొండల మధ్య ఇరుకు వీధిలోని ఇంట్లో ఆ వార్త విన్న భార్య నెస్టా నవ్వు ఆపుకోలేకపోయింది.

"రాణిగారి కొలువులో నువ్వా? నుదుటిమీద బొగ్గు గీత ఇంకా పోనే లేదు కదయ్యా!"

లండన్‌లో మొదటి సాయంత్రం కాగితం ముందు కూర్చుంటే ఎమ్లిన్‌కు ఒక్క వాక్యం రాలేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏం రాయాలో తోచడం లేదే. రాణిగారెక్కడ, నేనెక్కడ."

"ఆవిడా ఆడమనిషే కదయ్యా. ఎవడు లేచాడు, ఎవడు అరిచాడు, ఎవడు కునికాడు, అవే రాయి. శనివారం ఇంటికొచ్చి నాకు చెబుతావు చూడు, అట్లాగే."

అట్లాగే రాశాడు. జాబులు బాగుంటున్నాయని ప్యాలెస్ నుంచి కబురు వచ్చింది. మొదటి ఏడాదంతా పంపేముందు ప్రతి జాబూ నెస్టాకు ఫోన్‌లో చదివి వినిపించేవాడు. ఆమె నవ్వినచోట ఉంచేవాడు, విసుక్కున్నచోట కొట్టేసేవాడు. రెండో ఏడు పనులు పెరిగాయి. ఫోన్ వారానికి ఒకసారైంది. శనివారం ఇంటికి వచ్చినా కుర్చీలో నిద్రపోయేవాడు. నెస్టా గుండె చిన్నప్పటి జ్వరంతోనే దెబ్బతింది. ఆ శీతకాలంలో ఒకసారి, వసంతంలో ఒకసారి ఇక లేదనుకున్నారు. రెండుసార్లూ లేచి కూర్చుని టీ అడిగింది.

ఆ శరదృతువులో రాణిగారు పార్లమెంటును ప్రారంభించే రోజు వచ్చింది. ఆ రోజు వైస్ ఛాంబర్లేన్‌కు ఇంకో పని ఉంది. రాణి సభకు వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చేదాకా కామన్స్ తరఫున ఒక మనిషి ప్యాలెస్‌లో తాకట్టుగా ఉండాలి. రాజులకూ సభకూ పడని కాలంలో పుట్టిన ఆచారం. ఇప్పుడది మర్యాదకు మిగిలింది. అద్దెకు తెచ్చిన పొడుగు కోటు వేసుకుని ఎమ్లిన్ ఉదయం పదింటికే వెళ్ళాడు. అతన్ని కనిపెట్టుకుని ఉండవలసిన ప్యాలెస్ అధికారి కర్నల్ టెంపిల్టన్ గ్లాసులో షెర్రీ వైను పోసి, టీవీ ముందు కుర్చీ వేయించాడు.

"పారిపోనని మాటివ్వండి ప్రోసర్ గారూ. మీ వెనక పరిగెత్తే మోకాళ్ళు కావు నావి."

ఇద్దరూ నవ్వుకున్నారు. రాణిగారి గుర్రపు బండి గేటు దాటింది. అప్పుడే ఫోన్ వచ్చింది. కూతురు మారెడ్. ఊళ్ళో పంతులమ్మ, తల్లి దగ్గరే ఉంటుంది.

"నాన్నా, అమ్మకి ఊపిరందట్లేదు. డాక్టర్ ఇక్కడే ఉన్నారు. నిన్నే అడుగుతోంది. పదకొండూ నలభై అయిదు రైలుబండికి వచ్చెయ్."

"డాక్టర్ ఏమంటున్నాడు?"

"రమ్మంటున్నారు. అంతే."

ఫోన్ పెట్టేసి ఎమ్లిన్ విషయం చెప్పాడు. కర్నల్ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"కారు కింద ఉంది. వెళ్ళండి."

"రాణిగారు ఇంకా తిరిగి రాలేదు కదండీ."

"ఇదంతా ఉత్తుత్తి ఆట కదండీ! తలుపుకి తాళం కూడా లేదు, చూడండి. ఎవరూ ఒక్క మాట అనరు."

ఎమ్లిన్ తలుపు వంక చూశాడు. నిజంగానే ఓరగా తెరిచి ఉంది. ఆ క్షణాన అతని బుర్రలో తిరిగినవి రెండే. గనిమనిషికి ఈ కొలువెందుకని సభలో ఎదుటి పార్టీ బల్లల మీద నవ్విన మొహాలు ఒకటి. గంటసేపు కుదురుగా కూర్చోలేకపోయాడని ఆ మొహాలే రేపు అంటాయి. రెండోది, నెస్టా రెండుసార్లూ లేచి కూర్చుంది కదా.

"గంటేగా," అన్నాడు. "ఉంటాను. తరవాతి బండికి వెళ్తాను."

"మీ ఇష్టం," అన్నాడు కర్నల్. కిటికీలోంచి కిందికి చూసి మళ్ళీ అన్నాడు, "కారు ఇంకా అక్కడే ఉంది ప్రోసర్ గారూ."

ఎమ్లిన్ కదలలేదు. టీవీలో రాణిగారు ప్రసంగం చదువుతుంటే ఒక్క మాటా అతని చెవిలో పడలేదు. పన్నెండున్నరకు ఆమె తిరిగి వచ్చింది. తరవాతి బండి ఒకటీ నలభై అయిదుకు. కార్డిఫ్‌లో దిగేసరికి వాన. టాక్సీ తన ఇంటి వీధి మలుపు తిరగగానే అతనికి అర్థమైపోయింది. వీధిలో ఒక్క ఇల్లు కూడా మిగలకుండా కిటికీలకు తెరలు దించి ఉన్నాయి. ఎవరైనా పోతే ఆ ఊళ్ళో చేసేది అదే.

నెస్టా నాలుగింటికి పది నిమిషాల ముందు పోయింది. ముందు బండి ఎక్కి ఉంటే మూడింటికల్లా ఆమె పక్కన ఉండేవాడు.

చాపెల్ ప్రార్థనలకు వచ్చే ఆడవాళ్ళు రొట్టెలు, కేకులు పట్టుకొచ్చారు. పక్కింటి గ్వ్లాడిస్ అతని చేతిలో టీ కప్పు పెట్టి ప్యాలెస్ వాళ్ళని తిట్టింది.

"పాపిష్టి ఆచారం! పెళ్ళాం పోతుంటే కూడా మనిషిని వదలరా? వాళ్ళకి మాత్రం కుటుంబాల్లేవూ?"

"నాన్నేం చేస్తారు ఆంటీ," అంది మారెడ్. "పట్టుకుని కూర్చోబెట్టారు."

ఎమ్లిన్ నోరు తెరిచాడు. టీ తాగాడు. ఆ మౌనమే అబద్ధమై ఊరంతా పాకింది. సమాధి దగ్గర గని కార్మికులు పాట పాడుతుంటే, ఒక్కొక్కరే వచ్చి అతని భుజం నొక్కి వెళ్ళారు. లండన్ పెద్దల చేతిలో అన్యాయమైపోయిన మనిషిని ఓదార్చినట్టు.

ఐదో రోజు పోస్టులో కర్నల్ ఉత్తరం వచ్చింది. ఎమ్లిన్ పెరట్లో ఉన్నాడు. సంతాపపు ఉత్తరాలన్నీ తీసి చదివి పెడుతున్న మారెడే దాన్నీ తీసింది. అతను వంటింట్లోకి వచ్చేసరికి ఆమె బల్ల దగ్గర నిలబడి ఉంది.

"'తలుపు తీసే ఉంది, కారు కింద ఉంది. ఎక్కమని ఇంకా గట్టిగా బతిమాలనందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను,' అని రాశాడు. ఏంటిది నాన్నా?"

అతను చేతికంటిన పెరటి మట్టి తుడుచుకున్నాడు.

"నిజంగా తలుపు తీసే ఉందా?" అడిగింది మారెడ్.

"తీసే ఉందమ్మా."

"ఎవరూ ఆపలేదా?"

"నేనే ఉన్నాను."

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు. మారెడ్ ఉత్తరాన్ని మడిచి కవరులో పెట్టింది. మూడుసార్లు పెట్టినా సరిగా దూరలేదు.

"ఆఖరున అమ్మ నీకో మాట చెప్పమంది," అంది. "ఇవాళ భోజనాలయ్యాక చెబుదామనుకున్నాను."

కోటు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే ఎమ్లిన్ గ్వ్లాడిస్ ఇంటికి వెళ్ళి, నిలబడే, జరిగింది చెప్పాడు. ఆమె కూర్చోమని కూడా అనలేదు. వారం తిరక్కుండా అతను కొలువు పదవి వదిలేసి, సభలో పదవి లేని సభ్యుల వెనక బల్లలకు వెళ్ళి కూర్చున్నాడు. మరుసటి ఎన్నికల్లో నిలబడలేదు. మారెడ్ ఊరు విడిచి స్వాన్సీ పట్నం బళ్ళో ఉద్యోగం చూసుకుంది.

తండ్రిని చూడటానికి నెలకోసారి వచ్చేది. వండిపెట్టేది, చొక్కాలకు గుండీలు కుట్టేది, వాన గురించి మాట్లాడేది. మూడో ఏట ఒక ఆదివారం, ఆమె బస్సు కోసం ఇద్దరూ రోడ్డు మీద నిలబడి ఉండగా, ఎమ్లిన్ అడిగాడు.

"అమ్మ ఏం చెప్పమందే?"

మారెడ్ బస్సు వచ్చే వైపుకి తిరిగింది.

"గుర్తు లేదు నాన్నా," అంది.

బస్సు వచ్చింది. అతను ఆమె సంచీ పైకి అందించాడు.