మాణిక్యమ్మ పేరు మీద గేర్‌బాక్స్

హన్మంత్ భార్య మాణిక్యమ్మకు కాలు పడిపోయిందని, అందుకే కారులో కాలితో పని లేని యంత్రం బిగిస్తున్నారని పక్కింటి వేదవతి గారు పాలామెతో అన్నారట. ఆ మాట వీధి చివరికి చేరేసరికి రెండు కాళ్లూ పడిపోయాయి. అదే పొద్దున మాణిక్యమ్మ ఆ రెండు కాళ్ల మీదే, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, అందరి గుమ్మాల ముందు నుంచీ నడిచి వెళ్లింది. అయినా ఎవరూ మాట మార్చుకోలేదు. కళ్లతో చూసిన దాని కోసం చెవులతో విన్నదాన్ని వదులుకోవడం మా వీధిలో అలవాటు లేదు.

అసలు సంగతి వేరు. ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన మెట్ట చెలక ఉన్నవాడల్లా కారు కొన్నాడు. హన్మంత్ కూడా చెలకను ప్లాట్లు వేసి అమ్మే వెంచరు వాళ్లకిచ్చి, ఊళ్లో అందరి కార్లకంటే ఎత్తయిన బండి తెచ్చుకున్నాడు. నడపడం మాత్రం రిజిస్ట్రేషన్‌తో పాటు రాలేదు. డ్రైవర్ సంజీవను పక్కన కూర్చోబెట్టుకుని చెరువు కట్ట కింద కొన్నాళ్లు నేర్చుకున్నాడు. క్లచ్చు వదిలితే బండి మేకపోతులా ఎగిరేది. తొక్కిపట్టుకుంటే నిలబడి అరిచేది. చివరికి ఒకనాడు, నిన్నమొన్నటి వరకూ తనదే అయిన చెలక ముందు, వెంచరు వాళ్లు నిలబెట్టిన సిమెంటు ఏనుగు తొండం విరగ్గొట్టి, వెనక సీటుకు మారాడు.

వెనక సీట్లో హాయిగానే ఉండేవాడు. కానీ మహేశ్వరంలో ఒక పెళ్లిలో మాణిక్యమ్మ తమ్ముడు బాల్‌రాజ్ పదిమందిలో అడిగేశాడు.

"బావా, బండి నీదా, సంజీవదా? తాళం వాని జేబులనే, స్టీరింగు వాని చేతులనే. నువ్వు కిరాయి ఇచ్చి కూసున్నట్టున్నవ్."

పందిరంతా నవ్వింది. ఇప్పుడు అదే మహేశ్వరంలో ఆ బాల్‌రాజ్ కొత్త ఇంటి గృహప్రవేశం ఆదివారం. ఆ వాకిట్లో తన చేతులతో బండి ఆపి దిగకపోతే, అక్కడి బువ్వ హన్మంత్ గొంతు దిగదు.

ఉపాయం చెప్పింది వేదవతి గారి భర్త భుజంగరావు గారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ప్లాటు కొని స్థిరపడ్డారు. చక్కెర ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. అక్కడ ఏం చేశారో ఎవరూ అడగలేదు. ఆయన మాట వింటే మాత్రం చెరకు కూడా ఆయన్ని అడిగే రసం ఇచ్చేదనిపిస్తుంది.

"ఈ రోజుల్లో క్లచ్చు ఎవరు తొక్కుతున్నారండీ హన్మంత్ గారూ! ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టించేయండి. లీవరు 'డి' మీద పెట్టి కూర్చోవడమే. మీ వాకిట్లోనే బిగించేద్దాం. ఏముందండీ, మిక్సీ జారు మార్చినట్టే."

"మన బండికి దొరుకుతదా సారూ?"

"ఇదే బండిని బయటి దేశాల్లో ఆటోమేటిక్‌గా అమ్ముతారండీ. పాత సామాన్ల బజారులో దొరక్కపోతే నన్నడగండి."

దొరికింది. ఇక దానికి కారణం ఒకటి కావాలి. హన్మంత్ వీధిలో కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు: "మా ఆమె కోసమే పెట్టిపిస్తున్న. ఆడోళ్లకు గేర్లెక్కడ వస్తయ్, పాపం!"

"అవ్, పాపం" అంది వీధి. మాణిక్యమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే మామ దగ్గర ట్రాక్టరు నేర్చిందనీ, చెలక పోయినా ట్రాక్టరును అమ్మనివ్వకుండా కిరాయి దున్నకాలకు తనే తోలుతుందనీ తెలియనివాడు ఆ వీధిలో లేడు. తెలుసు గనుకే ఎవరూ అనలేదు. మాణిక్యమ్మ కూడా విని, ట్రాక్టరు తోలుకుని పనికి పోయింది.

కార్ల మెకానిక్కు ఆదివారంలోగా పని కాదన్నాడు. అందుకని బోరు మోటార్లు పీకే జంగయ్యను పిలిచారు. ఇంజను, మోటారు రెండూ ఇనుమే కదా. జంగయ్య మూడు పైపులు ముక్కాలిలా నిలబెట్టి, చైను పుల్లీ వేలాడదీసి, అలవాటు కొద్దీ "నీళ్లెంత లోతుల ఉన్నయ్ పటేలా?" అని అడిగాడు.

పని మొదలుపెట్టే ముందు భుజంగరావు గారు చేయి అడ్డం పెట్టారు.

"బండి తూర్పు ముఖంగా ఉండాలండీ."

"గిది సైన్సు పని గద సారూ?"

"సైన్సు సైన్సేనండీ. దిక్కు దిక్కే."

గేటు పడమటి వైపు ఉంది. తూర్పున ఉన్నది గోడ. పైగా సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు పోసీ పోసీ, హన్మంత్ వాకిలి రోడ్డు కన్నా పల్లమైంది. సంజీవ బండిని ఆ పల్లంలోకి దించి, ముక్కు గోడకు బారెడు దూరంలో ఉండేటట్టు నిలబెట్టి, "ఇగ నాతోని ఏం పనున్నది పటేలా" అని తాళం చేతికిచ్చి పోయాడు.

ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి పైకి లేచాయి. పాతది పోయి కొత్తది వచ్చింది. క్లచ్చు పెడలు ఊడదీసినప్పుడు హన్మంత్ పన్ను పీకించుకున్నవాడిలా హాయిగా ఊపిరి వదిలాడు. అంతా బిగిసేసరికి ఆదివారం తెల్లారింది.

తెల్ల బట్టలు వేసుకుని హన్మంత్ ఎక్కాడు. వేదవతి గారు హారతిచ్చారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. లీవరు 'డి' మీద పెట్టగానే బండి మెల్లగా కదిలి, నిమ్మకాయలు తొక్కి, గోడను ముద్దాడింది. వీధి చప్పట్లు కొట్టింది.

"చూశారా!" అన్నారు భుజంగరావు గారు. "ఇప్పుడు 'ఆర్' మీద పెట్టి వెనక్కి రండి."

'ఆర్' మీద పెడితే బండి జ్వరమొచ్చినట్టు వణికింది. మూలిగింది. అంగుళం జరగలేదు.

"సారూ, ఎన్కకు వస్తలేదు!"

"రివర్సు ఎప్పుడో ఒకసారి వాడేదండీ. దాని గురించి బెంగ పెట్టుకోకండి."

వీధంతా కలిసి నెట్టింది. గేటు దగ్గరి ఎత్తు దాకా వచ్చి, బండి మళ్లీ గోడ దగ్గరికే జారింది. గృహప్రవేశం వేళ దగ్గర పడుతోంది. హన్మంత్ గోడ వైపు చేయి చూపించాడు.

"ముంగటికైతే మస్తు పోతున్నది గద. గోడ పడగొట్టున్రి!"

"అయ్యయ్యో, అది మా గోడండీ!" అన్నారు భుజంగరావు గారు. సైన్సు అక్కడితో ఆగింది.

అప్పుడు మాణిక్యమ్మ పట్టుచీర కొంగు నడుముకు చెక్కి, పోయి ట్రాక్టరు తెచ్చింది. ఒక్క ఊపున దాన్ని వెనక్కి తిప్పి గేటుకు ఆనించి, "జంగన్నా, నీ చైను ఇటియ్యి" అంది. హన్మంత్ స్టీరింగు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. సొంత బండిలో అతని మొదటి ప్రయాణం అలా, గోడ వైపు చూస్తూ, వెనక్కి సాగింది. రోడ్డెక్కాక మాణిక్యమ్మే బండిని మహేశ్వరం దిక్కుకు తిప్పి, చైను విప్పించింది.

హన్మంత్ మొహంలోకి మళ్లీ కళ వచ్చింది. అద్దం దించి, వీధంతా వినేటట్టు అన్నాడు.

"ఏం ఫికర్ లేదు, ఇగ అంత ముంగటి తొవ్వనే. దిగు, వచ్చి పక్కకు కూసో. మీ తమ్ముడు అడుగుతే జెప్పు, నీకు గేర్లు వస్తలేవని నీ కోసమే పెట్టిపిచ్చిన అని."

మాణిక్యమ్మ ట్రాక్టరు సీటు మీంచి దిగలేదు.

"నేను దీని మీదనే వస్త. గేర్లు వస్తలేనిది నీకని జెప్త."