పెదవుల మీద మాట

కళ రాసిన మాటలు రెండేళ్లుగా దేశమంతా వింటోంది. కళ ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. అంధేరిలో ఉండే అమోల్ సార్ హిందీ సీరియళ్లకు పేరుమోసిన రచయిత. మరమగ్గాల ఊరు భివండిలో తెలుగు నేతగాళ్లుండే పద్మనగర్‌లో ఒంటిగది ఇంట్లో కూర్చుని ఆయన ఎపిసోడ్లు రాసిపెట్టేది ఈ పిల్ల. కాగితం లేదు, కరారు లేదు, ఆయనకు తోచినంత ఇస్తాడు. సేటు ఇచ్చిన నూలు నేసి బట్ట అప్పగించే తండ్రి నర్సింగానికి ఇందులో వింతేమీ కనపడలేదు. "గాడ గూడ గిట్లనేనా బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

అయితే ఈసారి అమోల్ సార్ మాట ఇచ్చాడు. ముగింపు ఎపిసోడ్ రాసిస్తే తెర మీద తన పేరు పక్కన కళ పేరు వేయిస్తానన్నాడు. పేరు పడితే ఇంకోచోట పని అడగడానికి ముఖం ఉంటుంది. లేదంటే ఇన్నాళ్ల రాత గాలికి పోయినట్టే. నర్సింగం ఆగలేక తాను నేసే కార్ఖానా అంతా చాటుకున్నాడు.

ఆ మధ్యాహ్నం వీడియో కాల్‌లో కళ ముగింపు చదివి వినిపించింది. అమోల్ సార్ "ఒక్క నిమిషం" అని మ్యూట్ నొక్కి, పక్కనున్న నిర్మాత మనిషి రూపేష్ వైపు తిరిగాడు. ఎదుట ఉన్నది సాంచెల మధ్య పెరిగిన పిల్ల అని పాపం ఆయనకేం తెలుసు! ఆ మరమగ్గాల మోతలో మాట వినపడదు. అక్కడివాళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటారు.

"పేరూ గీరూ ఏం వద్దు. ముందు ఇది చేతికి రానీ. తర్వాతి సీరియల్‌కి ఈ అమ్మాయి అక్కర్లేదు, కంప్యూటర్‌తో రాయించి నేనే దిద్దుకుంటా" అన్నాయి ఆయన పెదవులు.

మ్యూట్ తీసి నవ్వాడు. "అద్భుతం కళా! వెంటనే పంపించెయ్."

"పేరూ గీరూ వద్దన్నారు కదా సార్. నన్ను కూడా వద్దన్నారు" అంది కళ.

ఆయన ముఖం పాలిపోయింది. సిగ్గుతో అనుకునేరు! ఫోన్ దగ్గరికి లాక్కుని బొత్తాన్ని తేరిపార చూశాడు. "మ్యూట్‌లోనే పెట్టానే!" అన్నాడు రూపేష్‌తో. కాల్ తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. కాసేపటికి రూపేష్ మెసేజ్ పెట్టాడు. ఇక రాయనక్కర్లేదట. ముగింపు పంపనక్కర్లేదట, చదివినప్పుడే రికార్డు చేసుకున్నారట.

ఎందరి నోళ్లలోనో మాటలు పెట్టిన పిల్లకు తన గోడు చెప్పుకోవడానికి తండ్రి తప్ప ఎవరూ లేరు. కళ కార్ఖానాకు పరుగెత్తింది.

సాంచెలు దడదడలాడుతున్నాయి. నర్సింగం చేతులు దారం మీదే ఉంచి, తల తిప్పి, పెదవులతో "ఏంది బిడ్డా?" అన్నాడు.

"నాయినా, పని పోయింది."

ఆయన కళ్లు వెలిగిపోయాయి. 'పని ఐపోయింది' అని చదువుకున్నాడు. పోవడానికీ ఐపోవడానికీ పెదవుల మీద తేడా ఏపాటిది! పైగా ఆ మాట కోసమే ఆయన కాచుకుని ఉన్నాడు. చేతులెత్తి పక్క సాంచె మీది భూపతికి చెప్పాడు. భూపతి అవతలివాడికి చెప్పాడు. ఆ సంతోషం చప్పుడు లేకుండా వరస చివరిదాకా పోయింది. నర్సింగం తెర మీద అక్షరాలు పడుతున్నట్టు గాలిలో వేలితో కూతురి పేరు రాశాడు.

కాదు నాయినా అనబోయి కళ నోరు తెరిచింది. కార్ఖానాలో అందరి కళ్లూ ఆమె పెదవుల మీదే ఉన్నాయి. కళ నోరు మూసుకుని నవ్వింది.