కుడి పక్కన పెట్టిన గ్లాసు

మా ఆయనకు వాసన తెలియడం మానేసి ఎనిమిది నెలలైంది. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, ఆయనకీ నాకూ. ముక్కు పోయినా ముక్కు మీద కోపం మాత్రం చెక్కుచెదరలేదు, అదేం విచిత్రమో!

ఇంకెవరికైనా అయితే ఇదేమంత పెద్ద లోటు కాదు. కానీ మా ఆయన పెద్ద విస్కీ దుకాణంలో సరుకు ఎంపిక చేసే మనిషి. సీసా మంచిదో కాదో వాసన చూసి చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆయన సరే అంటేనే సరుకు అరల్లోకి ఎక్కుతుంది. అందులోనూ బర్బన్ అనే అమెరికా విస్కీ విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు. "పేరు చూసి కొనకండి బాబూ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. "సగానికి పైగా మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ చెక్క పీపాలో మాగాలి. ఎన్నేళ్ళు మాగిందో సీసా మీద చదవండి. ఆ తర్వాత రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్దండి. ఆరాక వాసన చూడండి. వెనిల్లా, మాడిన చక్కెర, చెక్క. ఈ మూడూ లేకపోతే ఆ సీసా అక్కడే పెట్టేసి ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగండి." ఈ మాటలు వినడానికే వచ్చేవాళ్ళు ఉండేవారు.

ఆయనకు పది రోజుల జ్వరం తగ్గిన మర్నాడు బయటపడింది. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ. ఈయన పక్క గదిలో కూర్చుని తాపీగా పేపరు చదువుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇల్లంతా కంపు కొడుతుంటే అలా కూర్చున్నారేంటండీ? లేచి పొయ్యి ఆపకూడదూ!"

ఆయన తలెత్తి చూశాడు. "ఏం కంపే?" అన్నాడు.

వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా కంట తడి పెట్టని మనిషి, ఆ రోజు గిన్నె పట్టుకుని మాడిన పాలను మళ్ళీ మళ్ళీ వాసన చూస్తూ ఏడ్చాడు.

దొంగనాటకం ఆలోచన నాదే. పన్నెండేళ్ళుగా ఆ దుకాణం వెనక గదిలో గ్లాసులు కడిగేది నేనే. సబ్బు తగలకూడదు, వేణ్ణీళ్ళతోనే కడిగి గుడ్డ మీద బోర్లించాలి. సీసా తెరిచి గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టేది కూడా నేనే. ఇన్నేళ్ళు ఆయన మాటలు విని విని నా ముక్కుకీ పనితనం వచ్చేసింది. తెచ్చేటప్పుడు ఒక్కసారి వాసన చూసి, బాగుంటే ఆయన కుడి పక్కన పెట్టేదాన్ని, బాగా లేకపోతే ఎడమ పక్కన. మిగతా ఉపన్యాసం ఆయన కంఠతా వల్లించేవాడు. దుకాణం యజమాని నన్ను చెల్లెమ్మా అనీ, ఆయన్ని బావా అనీ పిలుస్తాడు. "బావా, నీ ముక్కుకి బీమా చేయించాలయ్యా!" అన్నప్పుడు నేను గిన్నెల వైపు తిరిగి నవ్వాపుకునేదాన్ని.

ఆ నవ్వు పోయిన నెలతో ఆగిపోయింది. వంతెన అవతల గోడలకు రంగులేసే ఇద్దరు, మంచి కంపెనీ సీసాలో పోసిన నకిలీ విస్కీ తాగారు. ఒకతను చనిపోయాడు. రెండో అతనికి రెండు కళ్ళూ పోయాయి. పేపరు మడిచి యజమాని అన్నాడు, "మన దగ్గరికి అలాంటిది రాకుండా కాపాడేది బావ ముక్కే."

ఇంటికి రాగానే అడిగాను. "చెప్పేద్దామండీ. నాకు భయమేస్తోంది."

"చెప్పి? యాభై రెండేళ్ళొచ్చాయి. ఇంకేం పని చేతనవునే నాకు? నువ్వున్నావుగా. నీ ముక్కు నా ముక్కు కాదా?"

ఆ మాటకు కరిగిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కొత్త సరఫరాదారు ఒకతను నలభై పెట్టెల బర్బన్ తెస్తున్నాడని, గురువారం పదకొండు గంటలకు ఎంపిక అని యజమాని చెప్పాడు. మంగళవారం నాకు జలుబు పట్టుకుంది. ఆవిరి పట్టాను, మిరియాలు నమిలాను, ఏం చేసినా ముక్కు బిగుసుకుపోయింది. గురువారం పొద్దున వెల్లుల్లి చిదిమి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. కిరసనాయిలు సీసా మూత తీశాను. ఏమీ లేదు.

ఆయనకు ఒక్క మాట చెబితే సరిపోయేది. ఒంట్లో బాగోలేదని ఎంపిక రెండు రోజులు వాయిదా వేయించేవాడు. కానీ ఆయన అద్దం ముందు నిలబడి, చాలా రోజుల తర్వాత ఈల వేస్తూ తల దువ్వుకుంటున్నాడు. నేనేం చేశాను? చెడ్డ సరుకైతే మూసుకుపోయిన ముక్కుకైనా ఘాటు తగలకపోతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పొగరు కాకపోతే ఏమిటది!

వెనక గదిలో తెల్లటి పలకల గోడలు, ఒకటే కిటికీ, బల్ల మీద తెల్ల కాగితం. అత్తరు పూసుకున్నవాళ్ళకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. సరఫరాదారు అద్దంలా మెరిసే బూట్లు వేసుకుని, నవ్వు మొహంతో వచ్చాడు. "గురువుగారి పేరు చాలా విన్నానండీ" అంటూ మా ఆయన చేయి పట్టుకుని ఊపాడు. మా ఆయన ఉబ్బిపోయాడు.

సీసా తెరిచాను. గ్లాసులో పోశాను. అటు తిరిగి గట్టిగా పీల్చాను. నీళ్ళు పీల్చినట్టుంది. మళ్ళీ పీల్చాను. చెడ్డ వాసన లేదు. అసలు ఏ వాసనా లేదు. నా వెనక ముగ్గురు మగవాళ్ళు ఎదురుచూస్తున్నారు. చెడు లేదంటే మంచిదేగా అనుకుని కుడి పక్కన పెట్టాను.

అంతే, మా ఆయన అందుకున్నాడు. అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, రుద్ది, కళ్ళు మూసుకున్నాడు. "అబ్బ! మొదట వెనిల్లా. వెనకాలే మాడిన చక్కెర. చెక్క కొంచెం వెనకగా వస్తోంది, ఎనిమిదేళ్ళ పీపా అయ్యుంటుంది." యజమాని చప్పట్లు కొట్టాడు. మిగిలిన పెట్టెలు తెరవమన్నాడు.

సరఫరాదారు మరో పెట్టె తెరిచి సీసాలన్నీ బల్ల మీద వరుసగా నిలబెట్టాడు. అప్పుడు చూశాను. కార్ఖానాలో నింపిన సీసాల్లో విస్కీ అంతా ఒకే ఎత్తులో ఉంటుంది, గీత గీసినట్టు. ఇక్కడ ఒకదాంట్లో మెడ దాకా ఉంది. పక్కదాంట్లో భుజం దాకా. మూడోది ఇంకా కిందికి. ఎవరో గరాటు పెట్టి చేత్తో పోశారు.

ఈలోపు యజమాని, "ఆనవాయితీ ప్రకారం ఎంచినవాడిదే మొదటి గ్లాసు" అంటూ నిండుగా పోసి మా ఆయన చేతికిచ్చాడు.

"తాగకండి!" అని అరిచాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. ఇక దాచి ఏం లాభం? అన్నీ కక్కేశాను. జ్వరం, మాడిన పాలు, కుడి పక్క, ఎడమ పక్క, నా జలుబు. "ఈ సీసాలు చూడండి అన్నగారూ, ఏ ఒక్కటైనా రెండోదాంతో సమానంగా ఉందా? ఆయనకి ఏ వాసనా తెలీదు. ఇవాళ నాకూ తెలీదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ గ్లాసు లాక్కోండి!"

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పన్నెండేళ్ళు అదే గదిలో రాజులా కూర్చున్న మనిషి. నేను ఆయన్ని నలుగురిలో నిలబెట్టి బట్టలిప్పినట్టయింది.

"మా ఆవిడకి జ్వరం. రెండు రోజులుగా పిచ్చిగా మాట్లాడుతోంది" అన్నాడు నెమ్మదిగా. ఇంకో గ్లాసు పోసి సరఫరాదారు ముందుకు జరిపాడు. "మీరూ పుచ్చుకోండి. దీని అనుమానం తీరుతుంది."

బూట్లాయన నవ్వు చెదిరింది. "నేను కారు నడపాలండీ" అన్నాడు. గ్లాసును వేలితో కూడా ముట్టుకోలేదు.

అది మా ఆయనా చూశాడు. నేను ప్రమాణం చేసి చెబుతాను, ఆయన చూశాడు. చూసి కూడా నా కళ్ళల్లోకి చూస్తూ గ్లాసెత్తి గటగటా తాగేశాడు. ఒక్క చుక్క మిగల్చలేదు. "వెనిల్లా" అన్నాడు. మూతి తుడుచుకున్నాడు.

యజమాని మాత్రం, సరుకు ఇవాళ దించొద్దు, ముందు పరీక్షకు పంపిద్దాం అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే సరఫరాదారు తెరిచిన పెట్టెలు కూడా వదిలేసి కారెక్కాడు.

ఇంటికి వెళ్ళేదారిలో ఆసుపత్రికి పదండని బతిమాలాను, తిట్టాను, నడిరోడ్డు మీద ఆయన చేయి పట్టుకుని లాగాను. "వెళ్తే నీ మాట నిజమని ఒప్పుకున్నట్టేగా?" అన్నాడు. మందుల షాపతన్ని అడిగితే, క్షణం ఆలస్యం చేయొద్దమ్మా, వెంటనే తీసుకెళ్ళండి అన్నాడు. ఆయన అప్పటికే సగం వీధి దాటిపోయాడు. సాయంత్రం దాకా గంటకోసారి గోడ మీది క్యాలెండరు చదివించాను. చిన్న అక్షరాలు కూడా చదివాడు, నన్ను వెక్కిరిస్తూ మరీ చదివాడు. అన్నం తిని పడుకున్నాడు. ఏమీ కాలేదులే, మంచి సరుకేనేమో, నేనే అనవసరంగా ఆయన పరువు తీశానేమో అని ఏడుస్తూ నేనూ నిద్రపోయాను.

పొద్దున లేచేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. మొహం కిటికీ వైపు ఉంది.

"ఇవాళ మంచు బాగా కమ్మేసింది కదే" అన్నాడు. "ఎదురింటి గోడ కూడా కనబడట్లేదు."

కిటికీలోంచి ఎండ నేరుగా ఆయన మొహం మీద పడుతోంది. ఆయన రెప్పలు ఆర్పడం లేదు.

ఆయన కాళ్ళకు చెప్పులు తొడిగాను. ఎందుకని అడగలేదు. మొండికేయలేదు. చిన్నపిల్లాడిలా నా భుజం పట్టుకుని లేచాడు, గడప తగిలి తూలాడు, గోడ కోసం గాలిలో తడుముకున్నాడు. అప్పుడు ఆయనకీ అర్థమైంది.

వీధిలోకి వచ్చి ఆటో కోసం కేకలేస్తుంటే నా చెవి దగ్గరికి వంగాడు.

"దుకాణంలో మాత్రం చెప్పకే" అన్నాడు.